పంజ దెబ్బ

కొత్తవాడల గోడకు గోడ ఆనుకొని మగ్గాలు.
ఇవతల గుంతల నేను,
అవతల నా కొడుకు, కోడలు సుభాషిణి.

షత్రంజి నేసేటోళ్లకు పంజ తెలుసు.
ఇనుప పండ్ల దువ్వెన.
పేక పడుగుల పారినాక
దాంతోని కొట్టాలె,
పోగు పోగుకు అతికేదాక.

ఆ మూడేండ్లు నేను నేసినంత గట్టి షత్రంజి
వాడల ఎవ్వరు నెయ్యలే.
సొసైటీ మేనేజరు బొటనవేలుతోని నొక్కి చూసి
"చేతి గుణం పెద్దమ్మా" అన్నడు.
చేతి గుణం కాదు.
గోడవతల దెబ్బ పడ్డప్పుడల్లా
ఇవతల పంజ కొట్టిన.
వాడొకటి కొడితే నేను రెండు.
పక్కింటోళ్లకు మగ్గమే ఇనబడాలె.

ఒకనాడు పొద్దుగాల
సుభాషిణి పిల్లను చంకనేసుకొని పోయింది.
ఎటు పోయిందో నాకెరికే.
జుబేదా ఇంటికి.

జుబేదా గళ్ల కాగితం మీద డిజైన్లు గీస్తది.
మా వాడ నెమళ్లన్నీ
ఆమె పెన్సిల్లకెల్లి పుట్టినయే.
నెల దినాలకు వచ్చింది. చాయ్ తాగుమంటే తాగలే.
కాగితం పరిచింది.
నెమలి లేదు, తామర లేదు, ఒట్టి గళ్లు.
"గడికి ఒకామె.
ఆ రాత్రి ఒంటి మీదున్న బట్ట తెస్తరు.
పీలికలు చేసి పేక పొయ్యాలె.
ఇరవై రెండు గజాలు.
గంత గట్టిగ నేసే చెయ్యి నీదేనాయె"
అన్నది నా కండ్లల్లకే చూసుకుంట.
తెలిసే అన్నది.

బట్టలొచ్చినయి.
గిర్మాజీపేట టీచరమ్మ పట్టుచీరె,
పెండ్లై పదేండ్లయిన రోజు కట్టిందట.
ఎస్తేరు నైటీ మీద చాయ్ మరక.
"సల్లారిన చాయ్ కాదు" అన్నది, అంతే.
రంగశాయిపేట పిల్లది కాలేజీ చున్నీ,
కొట్టినోడు మొగడు కాదు, బస్సుల ఎవడో.
ఉర్సు గుట్ట కాడి ముసలామె
మొగడు సచ్చి పదారేండ్లాయె,
రైక మాత్రం బియ్యం డబ్బల దాసి ఉంచింది.
పురుగు పట్టకుండ ఏపాకేసి.

ఒకామె ఒట్టి చేతులతోని వచ్చింది.
"కాలబెట్టిండక్కా."
ఆమె గడిల పేక పొయ్యలే.
పడుగు పోగులు ఒట్టిగనే ఇడిసినం.
చెయ్యి పెడితే అవతలికి పోతది.

ఆఖర్న నీలి రంగు జాకెట్టు.
కుడి భుజం కాడ కుట్టు పిగిలింది.
ఆ కుట్టు ఏసింది నేనే,
బతుకమ్మకు.

పీలికలు చేసిన. పేక పోసిన.
పంజ ఎత్తిన.
దించలేకపోయిన.
సుభాషిణి ఎదురుంగ నిలవడి చూస్తాంది.
"కొట్టత్తమ్మా" అన్నది.
"అప్పుడు కొట్టినవు గదా. ఇప్పుడు కొట్టు."

అప్పుడు చెప్పిన అందరి ముంగట,
మూడేండ్ల చప్పుడు సంగతి.
ఎవ్వరు నన్ను ఓదార్చలే.
మంచిపని చేసిండ్రు.
ఎస్తేరు కండె అందిచ్చింది,
మళ్ల నేసినం.

స్టేషన్ గేటు కాడికెల్లి రోడ్డు దాక పరిచినం.
ఎస్సై బయటికొచ్చి ఎత్తెయ్యుమన్నడు.
ట్రాఫిక్ అన్నడు, పర్మిషన్ అన్నడు.
షత్రంజి పరిచేదే కూసునేటందుకు.
ఎవరి గడిల వాళ్లం కూసున్నం.
ఒట్టి పడుగు గడిల తారు రోడ్డు కనవడుతాంది,
మీద ఎవ్వరు కూసోలే.
డ్యూటీకొచ్చిన లేడీ కానిస్టేబులు
బూట్లు చేతుల వట్టుకొని
ఎండల కాలే తారు మీద చుట్టు తిరిగి లోపటికి పోయింది.
మా దిక్కు చూడలే.

పాన్ డబ్బా కాడ నా కొడుకు.
నీలి గడిని గుర్తుపట్టిండు.
రోడ్డు దాటలే.

పొద్దు వాలినంక లోపటికి పిలిచిండ్రు.
సుభాషిణి కాగితం రాయించింది.
"సాక్షి ఎవరన్నా ఉన్నరా?"
ఉన్న అన్న.
"ఈమెకు నువ్వేమయితవు?"
అత్తను అనబోయి ఆగిన.
"గోడ ఇవతలామెను సారూ,
రాసుకో.
అన్నీ ఇన్న."